మైనం విన్న మాట

పెట్టె లోపలి వేడి ముప్పై ఆరు డిగ్రీలు దాటింది. నలభైకి చేరితే అందులో ఉన్న తేనెపట్టు అంచు మెత్తబడి, దాని మీది గీతలన్నీ చెరిగిపోతాయి. బయ్యమ్మ భర్త చనిపోయిన రోజు ఆ గీతల్లోనే ఉంది.

జనరేటర్ ఆగి పది నిమిషాలయింది. వ్యాను తలుపులోంచి చూస్తే ఎదురుగా షామియానా, దాని కింద మూడు వందల మంది జనం, వేదిక మీద అదనపు కలెక్టర్. నల్లమల అభయారణ్యం మీద హెలికాప్టర్ విహారయాత్రలకు అనుమతి ఇవ్వాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతోంది. కూలర్లకూ లైట్లకూ వ్యానుకూ ఒక్కటే జనరేటర్ కావడంతో అది మొరాయించింది. మైకులు మాత్రం బ్యాటరీ మీద నడుస్తున్నాయి. చదివే యంత్రానికీ బ్యాటరీ ఉంది. చల్లబరిచే పెట్టెకు లేదు.

"ఎంత టైముంది?" అని అడిగింది బయ్యమ్మ.

"ఇరవై నిమిషాలు. అదీ మన అదృష్టం బాగుంటే," అంది ఫర్హానా. ల్యాబులో ఆ యంత్రాన్ని నడిపేది ఆమే. "మొదటి నుంచి చదివితే అందదక్కా. అంచే ముందు కరుగుతది. అంచు నుంచి లోపలికి పోదాం. చివరి పొర ముందు, దాని ముందుది తర్వాత."

అంటే చావు ముందు వినబడుతుంది. అంతకుముందు ఏం జరిగిందో తర్వాత తెలుస్తుంది. బయ్యమ్మ సరేనని తలూపింది.

షామియానా చివర ఆమె అన్న తోకల ఈదన్న కూర్చుని ఉన్నాడు. అతని చుట్టూ నాలుగు వరుసల కుర్చీలు ఖాళీ. ఎండలో నిలబడిన వాళ్ళు కూడా వచ్చి అతని పక్కన కూర్చోవడం లేదు. బావను, అంటే బయ్యమ్మ భర్త పెద్దుల్ని, తాడుతో కొండ అంచు మీంచి దించి, ఆ తాడు కోసి చంపాడని అతని మీద కేసు. బెయిల్ మీద బయట ఉన్నాడు. పెంటలోకి రానివ్వరు. పెంటంటే అడవిలో చెంచుల గూడెం. అతను పుట్టింది అక్కడే, పెరిగింది అక్కడే. ఇప్పుడు రోడ్డు పక్కన పాత చెక్‌పోస్టు వసారాలో పడుకుంటున్నాడు. ఆ రోజు ఏం జరిగిందో పోలీసులు అడిగినా, పెంట పెద్దలు అడిగినా, చివరికి చెల్లెలు కాళ్ళు పట్టుకుని అడిగినా నాలుగు నెలలుగా ఒక్క ముక్క చెప్పలేదు.

చెంచుల్లో తేనె కోసం కొండ దిగేవాడి తాడు ఎవరు పడితే వాళ్ళు పట్టరు. సొంత అన్నదమ్ములు కూడా ముట్టరు. పెళ్ళాం తోడబుట్టినవాడే పైన కూర్చుని పట్టాలి. చెల్లెలి బతుకు ఆ తాడుకు వేలాడుతోందని తెలిసినవాడు నిద్రలో కూడా పట్టు వదలడని నమ్మకం. పెద్దులు తాడును పెళ్ళయిన నాటి నుంచి పదకొండేళ్ళు ఈదన్నే పట్టాడు. అందుకే కత్తితో కోసిన తాడు ముక్క దొరికినప్పుడు పెంట మొత్తం నమ్మలేకపోయింది. దేవుడికి తొలి తేనె మొక్కు కాకముందే పట్టు కోయించి దొంగచాటుగా అమ్ముకుందామనుకున్నాడు, బావ ఒప్పుకోకపోతే చంపాడు అని ఎవరో అన్నారు. ఈదన్న కాదనలేదు. దాంతో అదే నిజమైపోయింది.

ఇవాళ మైనం గనక మాట్లాడకపోతే, వచ్చే నెల కోర్టులో ఆ తాడు ముక్క ఒక్కటే మాట్లాడుతుంది.

"మొదలుపెట్టు," అంది బయ్యమ్మ.

సన్నటి వెలుగు పట్టు అంచు మీదికి పాకింది.

ఆమె కనిపెట్టింది చూడ్డానికి చిన్న సంగతే. తేనెటీగలు పట్టు అంచున కొత్త మైనాన్ని వెచ్చగా, మెత్తగా పెడతాయి. అది గట్టిపడే లోపు గాలిలో ఏ చప్పుడు అయినా ఆ అదురు మైనంలో కంటికి కనిపించని గీతగా మిగిలిపోతుంది. ఈగలు రేపు దాని మీద మరో పొర వేస్తాయి. అలా ఒక సీజను చప్పుళ్ళన్నీ పొరలు పొరలుగా పట్టులో దాక్కుని ఉంటాయి. పెంటలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్ళిన బయ్యమ్మ ఆ గీతల్ని చదివే యంత్రం కట్టింది. మొట్టమొదట అందులోంచి వచ్చిన చప్పుడు నెల కిందటి వాన. ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే పెద్దులు చాలాసేపు ఆలోచించాడు.

"అయితే ఈగలు నన్ను గురించి ఏమనుకుంటున్నయో గూడ తెలుస్తదా?" అన్నాడు. "ఏటా వాటి ఇల్లు కూల్చేటోన్ని నేనే గద. ఎన్ని తిట్లున్నయో విని చెప్పు, బాకీ లేకుండా మొక్కుకుంట."

పర్యావరణ ప్రభావం అంచనా వేసే బృందం ఆమెను వెతుక్కుంటూ వచ్చింది ఆ యంత్రం కోసమే. హెలికాప్టర్ చప్పుడు కొండ తేనెటీగల్ని ఏం చేస్తుందో తేల్చాలి. దానికి హెలికాప్టర్ అంటే ఏమిటో వినని పట్టు ఒకటి కావాలి, విన్న పట్టు ఒకటి కావాలి. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. బృందం పెద్ద డాక్టర్ ఇందుశేఖర్. అడవి తెలిసిన మనిషివి నువ్వే కాబట్టి కొండల మీద మనుషుల జాడ చూసే పని కూడా నువ్వే చెయ్యమన్నాడు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. పరాయివాళ్ళు వచ్చి తన అడవి గురించి తప్పులు రాసే కంటే అది మేలనుకుంది.

హెలికాప్టర్ వినని పట్టు తెచ్చిపెట్టమని పెద్దుల్నే అడిగింది. ఇంకో వారంలో కంపెనీ హెలికాప్టర్లు తూర్పు వైపు ట్రయల్ మొదలుపెడతాయి, ఆ తర్వాత అలాంటి పట్టు ఎక్కడా దొరకదు. పెద్దులు తల అడ్డంగా ఊపాడు. బయ్యన్న దేవుడికి తొలి తేనె మొక్కు కాలేదు, అది అయ్యేదాకా ఎవరూ తాడు ముట్టరు, ఆ సంగతి నీకు తెలీదా అన్నాడు. తెలుసు. అయినా మూతి ముడుచుకుంది. శుక్రవారం నాటికి రిపోర్టు పంపాలని, పట్టు లేకపోతే రిపోర్టు తల లేని మొండెమని అంది. తిండి మానలేదు గానీ తిన్నట్టు తినలేదు. ఆ సోమవారమే యంత్రం సరిచెయ్యడానికి హైదరాబాద్ వెళ్ళిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

ఆ తర్వాత ఆ కొండకు ఎవరూ వెళ్ళలేదు. పట్టు అలాగే ఉండిపోయింది, ఈగలు దాన్ని ఆ రోజే వదిలేసి పోయాయి. ఆ సంగతి బయ్యమ్మకు ఆరు రోజుల కిందటే తట్టింది. ఈగలు వదిలేశాయంటే చివరి పొర మీద మరో పొర పడలేదు. చివరి పొర అంటే ఆ మంగళవారం. కొండ నీడలో, సన్నని గీత కూడా చెదరకుండా అది ఇంకా అక్కడే ఉండాలి.

తెల్లారగానే చెక్‌పోస్టుకు వెళ్ళి అన్నను లేపింది. తాడు పట్టమంది.

"ఆడిబిడ్డకు తాడు ఎవరు పట్టాలనేది మనల లేదు చెల్లె," అన్నాడు ఈదన్న. ఆ మాటలకే అతని గొంతు బొంగురుపోయింది. నాలుగు నెలల్లో అతను మాట్లాడిన మొదటి వాక్యం అదే.

"నువ్వే పట్టాలె. ఇంకెవర్ని నమ్మను."

కొండ అంచున అతను ముడిని మూడుసార్లు విప్పి మూడుసార్లు వేశాడు. అరచేతుల్లో తాడు కాల్చిన మచ్చలు ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి. తాడు కోసినవాడి చేతులు అలా కాలవు. ఆ మాట పోలీసులకు ఆమె పదిసార్లు చెప్పింది. వాళ్ళకు ఈదన్న నోటి మాట కావాలి, అతనేమో నోరు విప్పడు. ఆమె నలభై బారల లోతుకు దిగింది. పట్టు అంచు కోసి చల్లటి పెట్టెలో పెట్టుకుని పైకొచ్చింది. తాడు ఒక్క జానెడు కూడా జారలేదు. పైకి రాగానే ఈదన్న పెట్టె వంక చూసి, అది అక్కడనే ఉండనియ్యాల్సింది చెల్లె, అన్నాడు. ఎందుకని అడిగితే మళ్ళీ రాయైపోయాడు.

"ముప్పై ఏడు," అంది ఫర్హానా.

స్పీకర్లోంచి చప్పుడు మొదలైంది. దబ్ దబ్ దబ్ అని, ఎవరో పెద్ద డోలును గుండె మీద పెట్టి కొడుతున్నట్టు. వ్యాను గోడలు అదిరాయి. ఆ చప్పుడు కింద ఇంకేదో ఉంది, మనుషుల గొంతుల్లాగే ఉంది గానీ మాటలు పట్టుబడడం లేదు.

"హెలికాప్టరే," అంది బయ్యమ్మ. దొరికారు. ఆ రోజు మా హెలికాప్టర్ ఆ దిక్కుకే రాలేదని కంపెనీ వాళ్ళు ప్రమాణం చేసి చెబుతున్నారు. ఈగల్ని రేపింది వాళ్ళే. చంపింది వాళ్ళే.

ఫర్హానా మాత్రం తెర మీది గీతల్ని చూస్తూ ముఖం చిట్లించింది. "కంపెనీది కాదక్కా ఇది. వాళ్ళ దానికి ఐదు రెక్కలు, జుయ్‌మని సన్నగా కూస్తది. ఇది రెండు రెక్కలది. పాత రకం. మన జిల్లాల ఇట్లాంటిది ఒక్కటే వచ్చింది." ఆమె ఆగింది. "మనం తెప్పించిందే. చప్పుడు కొలవనీకి."

"అది గురువారం ఎగిరింది," అంది బయ్యమ్మ. "లాగ్‌బుక్కుల గురువారమే ఉంది. నేను చూసిన."

వ్యాను మెట్టు మీద నీడ పడింది. డాక్టర్ ఇందుశేఖర్ ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడ్డాడో తెలీదు. ఎప్పుడూ ఇస్త్రీ చెదరని మనిషి, చొక్కా మొత్తం చెమటతో తడిసి ఉంది.

ఫర్హానాను బయటికి పంపకుండానే చెప్పేశాడు. పైలట్ గురువారం వేరే చోటికి వెళ్ళాల్సి వచ్చింది, అందుకని మంగళవారమే ఎగరేయించాడు. తేదీ మారిస్తే అటవీశాఖ నుంచి మళ్ళీ అనుమతి తెచ్చుకోవాలి, అందుకని కాగితం మీద గురువారమే ఉంచాడు. కొండ కింద శవం దొరికిందని విన్న రోజే అతనికి అర్థమైంది. అప్పటి నుంచి ఒక్క రోజు సరిగ్గా నిద్రపోలేదు.

"నాలుగు నెలలు సార్," అంది బయ్యమ్మ. "మా అన్న నాలుగు నెలల నుంచి చెక్‌పోస్టుల పండుకుంటుండు."

అతను ఫైలులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. చూడగానే గుర్తుపట్టింది. ఆమె నింపిన పట్టికే. ఏ వారం ఏ కొండ మీద మనుషులు ఉంటారో, ఎక్కడ హెలికాప్టర్ కిందికి దిగినా ఇబ్బంది లేదో చెప్పే పట్టిక. మొక్కుకు ముందు వారం, పెద్ద కొండ అంచు, మనుషుల జాడ: సున్నా. ఏడు రోజులకూ ఏడు సున్నాలు. పక్కన ఆమె అక్షరాల్లోనే ఒక వాక్యం: ఈ వారం తాడు ముట్టరు, ఏ రోజైనా ఫరవాలేదు. దాని కింద హెలికాప్టర్ ఎక్కడ నిలబడాలో కూడా ఆమే రాసింది. అతి పెద్ద పట్టుకు ఎదురుగా, నూట యాభై అడుగుల దూరంలో. అన్నిటికంటే చెడ్డ పరిస్థితి ఎలా ఉంటుందో కొలవాలి కదా అని.

ఏడు రోజుల్లో ఏ రోజైనా ఒకటే అన్నది ఆమె. అతను మంగళవారం తీసుకున్నాడు.

"నేను తేదీ దాచాను. అది నా తప్పు, తప్పించుకోను," అన్నాడు ఇందుశేఖర్. గొంతు తగ్గించాడు. "కానీ విను బయ్యమ్మా. బయట అందరూ కంపెనీనే అనుకుంటారు. చప్పుడు మాత్రం వినిపించు. రెక్కలెన్నో అక్కడ ఎవడూ లెక్కపెట్టడు. మీ అన్న బయటపడతాడు. ఈ యాత్రలు ఆగిపోతాయి. అడవి బతుకుతుంది. నువ్వు రేపు పొద్దున లేచి నీ మొహం నువ్వు చూసుకోగలుగుతావు. ఎవరికీ నష్టం లేదు."

నిజంగానే ఎవరికీ నష్టం లేదనిపించింది ఆమెకు. ఒక్క క్షణం కాదు, చాలాసేపే అనిపించింది.

"ముప్పై ఎనిమిదిన్నర," అంది ఫర్హానా నెమ్మదిగా. "రెక్కల చప్పుడు తీసేసిన అక్కా. గొంతులు వస్తున్నయ్. పెట్టనా?"

బయ్యమ్మ తలూపింది.

ఈగల హోరు. దాని మీద ఎక్కడో పైనుంచి ఈదన్న అరుపు. తర్వాత చాలా దగ్గరగా, పట్టు పక్కనే, పెద్దులు గొంతు.

"ఎనక్కి జరుగు బామ్మర్దీ. నువ్వు జారుతున్నవ్."

"ఇడువ బావా. ఇడువ."

"ఇద్దరం పోతే దానికెవరుంటరు?"

తర్వాత కత్తి తాడు మీద పడ్డ చప్పుడు. ఒకటి, రెండు, మూడు. అంతే. ఇంకేమీ లేదు. ఈగలు కూడా లేవు.

ఫర్హానా ఏడుస్తూనే తర్వాతి పొర తెరిచింది. ఇది దానికి కాస్త ముందుది. హెలికాప్టర్ లేదు. కొండగాలి, పొగకు చిరాకుపడే ఈగల సన్నటి రొద. పెద్దులు గొంతులో నవ్వుంది. ఈదన్న పైనుంచి భయంగా అడుగుతున్నాడు, మొక్కు కాకముందే దిగినమని తెలిస్తే పెంటల ఊకోరు బావా అని.

"బయ్యన్నకు నేను జెప్పుకుంట తియ్యి. దాని రిపోర్టు శుక్రవారం పోవాలంట. మూడు దినాల సంది సరిగ్గ తింటలేదు అది. మొక్కు ఇడిచి దిగిన్నని దానికి మాత్రం జెప్పకు. తెలిస్తే నావల్లనే అని కూసుంటది."

"జెప్ప."

"ఒట్టెయ్యి."

"తాడు పట్టుకున్న చేతులతోని ఒట్టెట్ల ఏస్త బావా?"

ఇద్దరూ నవ్వారు. అక్కడ మైనం మెత్తబడింది. నవ్వు సాగి, బొంగురుపోయి, గీత చెరిగిపోయింది.

పెట్టె వేడి నలభై దాటింది.

అన్న నాలుగు నెలలు ఎందుకు రాయిలా కూర్చున్నాడో బయ్యమ్మకు ఇప్పుడు తెలిసింది. తాడు బావే కోసుకున్నాడని చెబితే, మొక్కుకు ముందు ఎందుకు దిగారని అడుగుతారు. అది చెబితే, ఆ పట్టు ఎవరికోసమని అడుగుతారు. ఆ మాట రాకుండా ఉండాలంటే మొదటి మాటే రాకూడదు. దొంగ అన్నారు, పడ్డాడు. హంతకుడన్నారు, పడ్డాడు. పోయినవాడికి ఇచ్చిన మాట కోసం తన పెంటను వదులుకున్నాడు.

యంత్రం చదివిందంతా దాచుకున్న స్పీకరు తీసుకుని ఆమె వ్యాను దిగింది. ఇందుశేఖర్ ఏదో అన్నాడు. వినలేదు.

షామియానా కింద మైకు ముందు ఆమె అత్త చెన్నమ్మ నిలబడి ఉంది. హెలికాప్టర్లు రావాలో వద్దో మీరే చూసుకోండి, నాకు దాంతో పని లేదు, నా కొడుకు తాడు పట్టినవాడే తాడు కోశాడు, వాడు ఇక్కడ మనుషుల మధ్య కుర్చీలో కూర్చున్నాడు, దానికి ఏం చేస్తారో చెప్పండి అని అదనపు కలెక్టర్ను నిలదీస్తోంది. ఆయన కాగితాల్లోకి చూస్తున్నాడు.

జనం మధ్యలోంచి స్పీకరు పట్టుకుని వస్తున్న చెల్లెల్ని ఈదన్న చూశాడు. ఆమె ముఖం చూశాడు. లేచాడు. అతను ఒక్కో అడుగూ వేస్తుంటే జనం పక్కకు జరిగి దారి వదిలారు. చెన్నమ్మ చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"నేనే కోసిన సారూ," అన్నాడు. "మా బావను నేనే సంపిన. ఇంక ఏ మెషిన్లు అక్కర్లేదు. రాసుకోండ్రి."

షామియానా మొత్తం హోరెత్తింది. కానిస్టేబుళ్ళు ఇద్దరు ముందుకు వచ్చారు. చెన్నమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. ఈదన్న చెల్లెలి వంక చూసి, చాలు అన్నట్టు కళ్ళతో బతిమాలాడు.

బయ్యమ్మ స్పీకరు వేదిక మీద పెట్టి మీట నొక్కింది. ముందు హెలికాప్టర్ దబదబ, ఆ తర్వాత గొంతులు.

ఇద్దరం పోతే దానికెవరుంటరు అన్న గొంతు వినగానే చెన్నమ్మ తలెత్తింది. మూడు దెబ్బలూ వినబడ్డాయి. ముసలమ్మ మోకాళ్ళ మీదే పాకుతూ వేదిక దాకా వచ్చి, స్పీకరు మీద రెండు చేతులూ పెట్టింది, కొడుకు తలమీద పెట్టినట్టు. తర్వాత పొర కూడా బయ్యమ్మ ఆపకుండా వినిపించింది. బామ్మర్ది దగ్గర ఒట్టు అడగడం, నవ్వులు, అన్నీ. కానిస్టేబుళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. పెంట పెద్ద గంగన్న తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఈదన్న వైపు చూడలేక నేల చూశాడు.

కంపెనీ మనిషి లేచి, అది మా హెలికాప్టర్ కాదని, రికార్డులు చూసుకోవచ్చని అన్నాడు. అతను చెప్పింది నిజమేనని బయ్యమ్మ మైకులో చెప్పింది. అది కొలతల కోసం తెప్పించిన హెలికాప్టర్ అని, తేదీ మార్చింది డాక్టర్ ఇందుశేఖర్ అని చెప్పింది. షామియానా గుంజకు ఆనుకుని నిలబడిన ఇందుశేఖర్ కాదనలేదు. ఆమె అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది. చాలామందికి అంతటితో సరిపోయింది కూడా.

అదనపు కలెక్టర్ కళ్ళద్దాలు తీశాడు. "తేదీ సంగతి సరే అమ్మా. మనుషులున్న కొండ దగ్గరికి హెలికాప్టర్ను అంత కిందికి దిగనివ్వడానికి ఎవరో ఒకరు హామీ ఇవ్వాలి కదా. అక్కడ ఎవరూ ఉండరని రాసిచ్చింది ఎవరు?"

"వద్దు చెల్లె," అన్నాడు ఈదన్న.

"పట్టు తెమ్మని పంపినామెనే, కొండ మీద ఎవరూ ఉండరని రాసిచ్చింది సార్," అంది బయ్యమ్మ. "రెండూ ఒక్క చెయ్యే."

"పేరు చెప్పాలి. రికార్డులో రాయాలి."

చెన్నమ్మ స్పీకరు మీదినుంచి చేతులు తీయకుండానే కోడలి వైపు తిరిగింది. ఆమె కళ్ళలోకి చూస్తూనే బయ్యమ్మ జవాబు చెప్పింది.

"రాసుకోండి సార్. తోకలోల్ల ఆడిబిడ్డ, మండ్లి పెద్దులు పెండ్లాం, బయ్యమ్మ."